ముచ్చె నరికినవాళ్ళు, రకం నిర్ణయించినవాళ్ళు: భీమిలి పొలాల నుంచి తెగుళ్ళ చరిత్ర

నార వ్యాపారం పుస్తకాల్లో 'బిమ్లీ జూట్' అని ఒక మాట కనిపిస్తుంది. అది మన గోగునార. భీమునిపట్నం రేవు నుంచి ఓడలెక్కింది కాబట్టి రేవు పేరే పంటకు పేరైంది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు స్థావరం వేసుకున్న ఈ రేవు 1825లో ఇంగ్లీషు కంపెనీ చేతికొచ్చింది. ఆ తర్వాత నూనెగింజలు, బెల్లం, నార ఇక్కడి నుంచి పై దేశాలకు పోయాయి. పక్కనే చిట్టివలసలో జనపనార మిల్లు వెలిసింది. భీమిలి చరిత్ర రాసినవాళ్ళంతా డచ్చి సమాధుల గురించి, దీపస్తంభం గురించి, పాత మునిసిపాలిటీ గురించి రాశారు. గోగు గురించి రాసినా అది రేవు ఎగుమతుల పట్టికలో ఒక వరస మాత్రమే. గోగు కోసి, మోపులు కట్టి, చెరువులోనో గెడ్డలోనో రెండు మూడు వారాలు నానబెట్టి, కుళ్ళు కంపు కొట్టే నీళ్ళలో మోకాటిలోతున నిలబడి నార ఒలిచిన ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఆ పట్టికలో లేరు.

ఈ గోగుకు ఇంకో కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆసియా నుంచి జనపనార రావడం కష్టమై అమెరికా ప్రభుత్వం క్యూబాతో కలిసి ఇదే పంటను అక్కడ పెంచడం మొదలుపెట్టింది. కొద్ది ఏళ్ళలోనే, 1950 ప్రాంతంలో, క్యూబాలోనూ ఫ్లారిడాలోనూ కాండాన్నీ మొవ్వునూ మాడ్చేసే ఒక బూజు తెగులు వచ్చిపడింది. ఒకే రకం గోగు మైళ్ళకొద్దీ వేసిన చోట దానికి అడ్డేముంది? చేలకు చేలు పోయాయి. అప్పుడు అక్కడి శాస్త్రజ్ఞులు తెగులు తట్టుకునే మొక్కల్ని వెదికి ఎవర్‌గ్లేడ్స్ 41, ఎవర్‌గ్లేడ్స్ 71 అనే రకాల్ని తయారుచేశారు. 'తెగులు తట్టుకునే రకం' అనే ఆలోచన మనకు కొత్త కాదు, వాళ్ళకూ కొత్త కాదు. ఆ రకం ఎన్నాళ్ళు తట్టుకుంటుంది, ఎవరి పొలంలో తట్టుకుంటుంది, అది ఓడిపోయిన రోజున ఎవరు మునుగుతారు అనేవి మాత్రం వ్యవసాయ శాఖ కరపత్రాల్లోకి ఎక్కని ప్రశ్నలు.

ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒకటే. తెగులును తట్టుకునే గుణం విత్తనంలో మాత్రమే ఉండదు. ఆ విత్తనాన్ని ఎంత మేర వేశారు, పక్క మడిలో ఏం వేశారు, ఎన్నేళ్ళు వరసగా అదే వేశారు అనే దాంట్లో కూడా ఉంటుంది. అంటే అది ఒక రైతు సొంత వ్యవహారం కాదు, ఆయకట్టు మొత్తం వ్యవహారం. అయితే ఆయకట్టులో ఏం వేయాలో నిర్ణయించే అధికారం ఎప్పుడూ భూమితో పాటే వచ్చింది. భూమి లేని మాలమాదిగలకు ఆ నిర్ణయంలో చోటు లేదు, నష్టంలో మాత్రం మొదటి వాటా ఉంది. ఉత్తరాంధ్రలో వ్యవసాయ కూలీలంతా దళితులే అనడం సరికాదు. వెనకబడిన కులాలవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కానీ దళితుల్లో ఎక్కువమంది కూలీలో, కంబారులో, కౌలుదార్లో అయ్యారు తప్ప ఆసాములు కాలేదన్నది ఎవరూ కాదనలేని సంగతి.

శాస్త్రం సంగతి ముందు కొంచెం చూద్దాం, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. ఒక తెగులును పూర్తిగా ఆపే రకం వచ్చిందనుకుందాం. అందరూ దాని మీద పడతారు. మూడు నాలుగేళ్ళలో తాలూకా అంతా అదే రకం. బూజుకు గాని బాక్టీరియాకు గాని తిండి అదొక్కటే మిగిలింది. కోటానుకోట్ల బూజు గింజల్లో ఏ ఒక్కటి ఆ రకం గోడ దాటగలిగినా చాలు, దానికి పోటీ ఉండదు, ఎదురుగా సముద్రమంత మేత ఉంటుంది. రకం ఎంత గొప్పదైతే అంత విస్తరిస్తుంది, ఎంత విస్తరిస్తే అంత తొందరగా కూలుతుంది. దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞుడు వాండర్‌ప్లాంక్ 1963లో అచ్చయిన తన గ్రంథంలో తెగుళ్ళు వ్యాపించే తీరును లెక్కగట్టి చూపించాడు. ఒక్క జన్యువు మీద నిలబడే నిరోధం ఒకటీ, చాలా గుణాలు కలిసి తెగులును నెమ్మదింపజేసే నిరోధం ఇంకొకటీ అని ఆయన విడదీశాడు. మొదటిది చూడ్డానికి గట్టిది, పడితే ఒక్కసారే పడుతుంది. రెండోది అంత మెరవదు గాని నిలుస్తుంది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు చెప్పిందేమిటంటే, ఒకే ప్రాంతంలో వేరు వేరు నిరోధాలున్న రకాల్ని గళ్ళ దుప్పటిలా పరిచి వేస్తే తెగులు ఒక గడి నుంచి ఇంకో గడికి దూకడం కష్టమవుతుందని. మాట బాగుంది. ఆ దుప్పటి ఎవరు నేయాలి?

చెరకు

మన ప్రాంతానికి సంబంధించి దీనికి అన్నిటికన్నా పాత సాక్ష్యం చెరకు. 19వ శతాబ్దం చివరి ఏళ్ళలో గోదావరి జిల్లా చెరకు తోటల్లో గడలు నిలువునా ఎండిపోవడం మొదలైంది. మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు సి.ఎ. బార్బర్ వచ్చి చూసి, గోదావరి, గంజాం జిల్లాల చెరకు తెగులు మీద 1901లో నివేదిక రాశాడు. ఆ రెండు జిల్లాలకూ నడుమ ఉన్నది మన విశాఖపట్నం జిల్లా. జావాలో వెంట్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు 1893లో వర్ణించిన బూజే ఇక్కడా చెరకును తింటోందని తేలింది. దీన్నే మనం ఎర్రకుళ్ళు అంటున్నాం. ఈ తెగులు కోసమే 1902లో సామర్లకోటలో ప్రభుత్వం చెరకు క్షేత్రం పెట్టింది. స్థానిక రకాలు పోయి, బయటినుంచి తెచ్చిన ఎర్ర మారిషస్ చెరకు గోదావరి తోటల్లో పాతుకుంది. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం ఏర్పడితే దానికి మొదటి నిపుణుడు ఈ బార్బరే. 1913లో అనకాపల్లి పరిశోధన కేంద్రం మొదలైంది. అంటే ఉత్తరాంధ్రలో వ్యవసాయ పరిశోధన అనేదాని పుట్టుక వెనక ఒక తెగులు ఉంది.

ఆ తర్వాత వందేళ్ళ చెరకు చరిత్ర ఒకే పాట తిప్పి తిప్పి పాడినట్టుంటుంది. కోయంబత్తూరు నుంచి 'కో' అనే అక్షరంతో నెంబర్ల రకాలు వచ్చాయి. ఉత్తర బీహారు, తూర్పు ఉత్తరప్రదేశ్‌లో కో. 213 అంతటా పాకింది, 1930ల చివర్లో ఎర్రకుళ్ళు దాన్ని తుడిచిపెట్టేసింది. దక్షిణాదిలో 1930లలో వచ్చిన కో. 419ని అద్భుత రకం అన్నారు. అదీ, దాని తర్వాత కో. 997 లాంటివీ కోస్తా తోటల్లో ఎర్రకుళ్ళుకు లొంగిపోయాయి. ఇది పాత కాలపు అజ్ఞానం అనుకుంటే పొరపాటు. 2009లో విడుదలైన కో. 0238 ఉత్తరప్రదేశ్ చెరకు విస్తీర్ణంలో 80 శాతానికి మించి ఆక్రమించింది. చక్కెర దిగుబడి పెరిగిందని అందరూ మెచ్చుకున్నారు. 2010లు ముగిసేసరికి దానిలోనూ ఎర్రకుళ్ళు వచ్చి, ఆ రకం మానేయమని ప్రభుత్వమే చెప్పాల్సొచ్చింది. 1938లో తెలియనిదంటే సరే, 2018కి తెలిసి కూడా అదే జరిగిందంటే తప్పు బూజుది కాదు. ఎక్కువ చక్కెర పడే ఒకే రకం గడ అంతా ఒకేసారి మిల్లుకు రావాలన్నది ఫ్యాక్టరీ అవసరం. తొందరగా డబ్బు కావాలన్నది ఆసామి అవసరం. ఈ రెండు అవసరాల మధ్య గళ్ళ దుప్పటికి చోటెక్కడిది?

ఇప్పుడు ముచ్చెల సంగతి. చెరకుకు విత్తనమంటే గింజ కాదు, గడే. గడను మూడేసి కళ్ళు ఉండేట్టు ముచ్చెలుగా నరికి కాలువల్లో పరుస్తారు. ఎర్రకుళ్ళు ముఖ్యంగా ఈ ముచ్చెల ద్వారానే ఒక తోట నుంచి ఇంకో తోటకు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతుంది. తర్వాత సాగునీరు, వానలు, చేలో మిగిలిన మోళ్ళు దాన్ని మోస్తాయి. తెగులున్న గడ పైకి నిగనిగలాడుతూనే ఉండొచ్చు. నిలువునా చీల్చితే లోపల ఎర్రని చారలు, ఆ ఎరుపుకు అడ్డంగా తెల్లని మచ్చలు, ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన సారా వాసన. దీన్ని మొదట చూసేది ఎవరు? కత్తి పట్టి నరికేవాళ్ళు. శాస్త్రజ్ఞుడు నమూనా తెప్పించుకుని చూసేలోపల, ఆసామి గట్టుమీదికి వచ్చేలోపల, ఫ్యాక్టరీ కేన్ ఇన్‌స్పెక్టరు మోటారు సైకిలు దిగేలోపల ఆ ఎరుపు కూలివాడి కంట పడి ఉంటుంది.

నరికిన చోట ఎర్రగా ఉంటే ఆ ముచ్చె పారేయండి అని ప్రతి కరపత్రంలోనూ రాస్తారు. ఆ కరపత్రం 'రైతు సోదరులారా' అని మొదలవుతుంది. ముచ్చె నరికేవాడు రైతు కాదు కాబట్టి అది వాడికి రాసింది కాదు. గుత్తకు నరికే కూలీ ప్రతి ముచ్చే చూసి పారేస్తూ కూర్చుంటే వాడి గుత్త గిట్టదు. 'గడ పాడైంది బాబూ' అని చెబితే వినే ఆసామి ఉండొచ్చు, 'నువ్వు నాకు చెప్పొచ్చావా' అనే ఆసామీ ఉండొచ్చు. తోటంతా అదే గడైతే, విత్తనపు డబ్బు అప్పటికే ఇచ్చేసి ఉంటే, రెండో మాటకే ఎక్కువ అవకాశం. తెగులును ఆపే మొదటి కాపలా ఈ చోట ఉంది. దాని గురించి వందేళ్ళలో ఎంత పరిశోధన జరిగినా, ఆ కాపలా మీద నిలబడ్డ మనిషికి ముచ్చె పారేసినందుకు కూలి ఇవ్వాలన్న ఆలోచన మాత్రం ఏ సిఫారసులోనూ నా కంటపడలేదు. ఇది చిన్న విషయమని కొట్టిపారేసేవాళ్ళుంటారు. ఎర్రకుళ్ళుకు నికరమైన మందు లేదని, విత్తనపు గడ శుభ్రంగా ఉండటమే ముఖ్యమని చెప్పేదీ వాళ్ళే.

కార్శి తోట సంగతి కూడా ఇంతే. మొక్కతోట నరికాక మోళ్ళ నుంచి మళ్ళీ వచ్చే కార్శి పంటకు ఖర్చు తక్కువ. తెగులు పడిన తోటను కార్శికి వదలకూడదు, మోళ్ళు తవ్వి తగలెయ్యాలి, ఒక ఏడాదైనా వరి వేసి నీళ్ళు నిలపాలి అని శాస్త్రం. సొంత భూమి ఉన్నవాడు ఒక ఏడాది నష్టం ఓర్చుకోగలడు. ఏడాది కౌలుకు చేసేవాడు, అదీ ముందే కౌలు కట్టేసినవాడు, కార్శిలో వచ్చే నాలుగు రాళ్ళ కోసమే ఆ భూమి పట్టినవాడు, ఎలా ఓర్చుకుంటాడు? వాడి కార్శిలో బతికిన బూజు పక్క ఆసామి కొత్తరకం తోటలోకి పోతుంది. అప్పుడు 'కౌలోళ్ళ వల్లే తెగులు' అనే మాట పుడుతుంది. మురికి అంటగట్టడానికి మనుషులు సిద్ధంగా ఉన్న సమాజంలో తెగులు అంటగట్టడం ఎంత సేపు?

వరి

వరిలో కథ కొంత వేరు, ఎందుకంటే ఇక్కడ పేర్లు కనిపిస్తాయి. 1967లో పశ్చిమ గోదావరి ఆచంటలో ఐ.ఆర్. 8 పండించిన నెక్కంటి సుబ్బారావు గారి పేరు ప్రపంచమంతా తెలిసింది. ఆయన కృషిని తక్కువ చేయనక్కర్లేదు. ఆ మళ్ళలో ఉబాలు చేసినవాళ్ళ పేర్లు ఎవరికీ అవసరం లేకపోయిందని గుర్తుచేసుకుంటే చాలు. పొట్టి రకాలు, యూరియా, ఏడాదికి రెండు మూడు కార్ల వరి వచ్చాక తెగుళ్ళూ పురుగులూ కూడా ఏడాది పొడుగునా తిండి దొరికి పెరిగాయి. సుడిదోమను తట్టుకునే రకంగా అంతర్జాతీయ వరి కేంద్రం 1973లో ఫిలిప్పీన్సులో ఐ.ఆర్. 26 విడుదల చేసింది. రెండు మూడేళ్ళకే దాన్ని తినగలిగే దోమ తయారైంది. 1976లో ఐ.ఆర్. 36 రావాల్సొచ్చింది. దోమ తెగులు కాదు గాని సూత్రం ఒకటే.

అసలు అధిక దిగుబడి రకాలకు ముందు తెగుళ్ళు లేవని చెప్పే పాత పంటల భక్తుల మాట నమ్మనక్కర్లేదు. 1918-19లో కృష్ణా గోదావరి డెల్టాల వరిని గోధుమమచ్చ తెగులు పట్టింది. అప్పుడు పొట్టి రకాలు లేవు, యూరియా లేదు. 1943 బెంగాలు కరువుకు ముందు అక్కడి పంటను దెబ్బతీసినదీ ఆ తెగులే. అయితే తెగులు పంటను తింది గాని జనాన్ని చంపింది ధరలూ, యుద్ధమూ, ప్రభుత్వమూ అని ఇవాళ చరిత్రకారులు వాదిస్తున్నారు. ఆ కరువులో ముందుగా చచ్చిపోయింది భూమి లేని కూలీలూ, చేపలు పట్టేవాళ్ళూ, చేతివృత్తులవాళ్ళూ. తెగులు కులాన్ని చూడదు. తెగులు తర్వాత వచ్చే ఆకలి చూస్తుంది.

సాంబ మషూరి దగ్గరికి వద్దాం. బాపట్లలో తయారై 1986లో విడుదలైన ఈ బి.పి.టి. 5204 తెలుగువాళ్ళ అన్నమే మార్చేసింది. సన్నబియ్యమంటే ఇదే. దీనికి బాక్టీరియా ఎండాకు తెగులంటే తట్టుకునే శక్తి లేదు. హైదరాబాదులోని కణ జీవశాస్త్ర పరిశోధన కేంద్రమూ, వరి పరిశోధన డైరెక్టరేటూ కలిసి ఏళ్ళ తరబడి పనిచేసి ఈ వరిలోకి మూడు నిరోధ జన్యువుల్ని ఎక్కించాయి. 'మెరుగైన సాంబ మషూరి' అని 2008లో బయటికొచ్చింది. ఒకటి చాలదు, మూడూ ఒకేసారి దాటడం బాక్టీరియాకు కష్టం అన్నది వాళ్ళ లెక్క. మంచి లెక్కే, మెచ్చుకోవాల్సిన పనే.

ఆ మూడింటిలో ఎక్స్‌ఏ-21 అనే జన్యువు ఎక్కడిదో మన పాఠకులకు తెలియాలి. అది ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. ఆ వరికి ఎండాకు తెగులును తట్టుకునే శక్తి ఉందని 1977లో కటక్‌లోని వరి పరిశోధన సంస్థలో పనిచేసిన దేవదత్ గుర్తించాడు. ఫిలిప్పీన్సులో దాన్ని సాగు వరిలోకి మార్చారు. 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పమేలా రోనాల్డ్ బృందం ఆ జన్యువును విడదీసి చూపించింది. మాలిలో స్థిరపడ్డ రైతులకు ఈ అడవి వరి కలుపు, పీకి పారేసేది. దాన్ని ఏరుకుని తిన్నది బెల్లా అనే జనం. తువారెగ్ ప్రభువుల దగ్గర తరతరాలు బానిసలుగా బతికినవాళ్ళ సంతతి, భూమి లేక ఊళ్ళు పట్టుకు తిరిగే జనం. రైతుకు కలుపు అయినది భూమి లేనివాడికి అన్నమైంది, ఆ అన్నంలోని గుణం మన సన్నబియ్యంలోకి వచ్చింది. ఆ జన్యువు వల్ల లాభం వస్తే మాలి వంటి దేశాల విద్యార్థులకు ఉపకార వేతనాలివ్వాలని ఆ విశ్వవిద్యాలయం 1996లో ఒక నిధి పెట్టింది. కంపెనీలు ఆ జన్యువుతో సరుకు అమ్మకానికి తేలేదు, అనుకున్న రాయల్టీ రాలేదు. వచ్చినా అది బెల్లా గుడిసెల దాకా చేరేదా అన్నది వేరే ప్రశ్న.

మన దగ్గర ఇలాంటి తిండి ఏమిటి? భీమిలి, పద్మనాభం, ఆనందపురం చుట్టుపట్ల గరువు భూముల్లో, కొండల అంచుల్లో పండిన చోళ్ళు, గంటెలు, సామలు, ఉలవలు, కందులు. పల్లం మళ్ళు ఆసాములవైతే, పేదవాళ్ళకు బంజరో గరువో దక్కింది. నీళ్ళు లేని చోట ఒకే పంట వేస్తే ఒక వాన తప్పినా అంతా పోతుంది కాబట్టి నాలుగు కలిపి వేశారు. చోడి అంబలి తాగి కూలికి పోయారు. చోడికీ అగ్గి తెగులు వస్తుంది, వరికీ అగ్గి తెగులు వస్తుంది. బూజు జాతి ఒకటే అయినా సాధారణంగా దీనిది దానికి అంటదు. అందుచేత వరి మళ్ళ మధ్య గరువు మీద చోడి, చోడి మధ్య కంది ఉన్న ఊరు తెలియకుండానే ఒక గళ్ళ దుప్పటి. విజయనగరం పరిశోధన కేంద్రం చంపావతి, భారతి, శ్రీచైతన్య లాంటి చోడి రకాలు ఇచ్చింది. కాని రూపాయల బియ్యం వచ్చాక చోడి వెనక్కిపోయింది, గరువుల మీద సరుగుడూ జీడిమామిడీ వచ్చాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కలగలుపు పంటల్ని పేదల విజ్ఞానమని పొగిడే రచనలు ఈమధ్య చాలా వస్తున్నాయి. అందులో విజ్ఞానం ఉంది. దానితో పాటు గత్యంతరం లేకపోవడం కూడా ఉంది. పల్లం భూమి దక్కనివాణ్ణి గరువు మీదే ఉంచి, నీ చోడి గొప్పది సుమా అని చెప్పడం మన తాతలు విన్న మాటే. సన్నబియ్యం తినాలన్న కోరిక దళితవాడలో పుడితే దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

అయినా కలగలుపులో నిజం ఎంతో రుజువైంది కూడా. చైనా యునాన్ రాష్ట్రంలో 1998, 1999లలో జూ యూయోంగ్ బృందం వేలమంది రైతులతో అగ్గి తెగులుకు లొంగే జిగురు వరినీ, తట్టుకునే సంకర వరినీ వరసలు కలిపి వేయించింది. రెండో ఏడాదికి ఇది 3,342 హెక్టార్లకు పెరిగింది. కలిపి వేసిన జిగురు వరిలో తెగులు 94 శాతం తగ్గింది, దిగుబడి 89 శాతం పెరిగిందని 2000లో ప్రకటించారు. అక్కడ ఇది కుదిరిందంటే ఒక కారణం, రెండు వరుల్నీ విడివిడిగా చేత్తో కోశారు. యంత్రం కోత యంత్రానికి అనువైన ఒకే రకాన్ని కోరుతుంది. కలగలుపుకు చేతులు కావాలి. ఆ చేతులకు కూలి ఇవ్వాలి.

జహీరాబాదు ప్రాంతంలో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. బీడుపడిన తమ చిన్న చెలకల్లో జొన్న, కొర్ర, సామ, కంది, పప్పులు కలిపి వేశారు. ఊరూరా విత్తనాల నిలవలు పెట్టారు. ఏటా పాత పంటల జాతర జరిపి ఎడ్లబళ్ళ మీద విత్తనాలు ఊరేగించారు. ఇంతకుముందు ఆసామి గడపలో విత్తనం అప్పడిగినవాళ్ళు విత్తనం ఇచ్చేవాళ్ళయ్యారు. పంట ఎంత పెరిగిందన్న లెక్క కన్నా నాకు ఇది పెద్దదిగా కనిపిస్తుంది. ఒక్క ఊరి దళిత స్త్రీలంతా కలిసి ఏ చెలకలో ఏం వేయాలో మాట్లాడుకున్నారంటే, శాస్త్రజ్ఞులు కాగితాల మీద గీస్తున్న గళ్ళ దుప్పటి వాళ్ళు నేల మీద పరిచినట్టే. వాళ్ళకది ఎలా సాధ్యమైంది? ఎంత చిన్నదైనా, ఎంత రాళ్ళదైనా, వాళ్ళ చేతిలో కొంత భూమి ఉంది.

భూమి, చట్టం

ఉత్తర సర్కారులకు 1802లో శాశ్వత శిస్తు వచ్చింది. విశాఖపట్నం జిల్లాలో ఎక్కువ భాగం జమిందారీ. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చినప్పుడు పట్టా ఎవరికి దక్కింది? అప్పటికే రైతుగా లెక్కలో ఉన్నవాడికి. దున్నిన పాలేరుకు కాదు. 1973 భూ గరిష్ఠ పరిమితి చట్టం కాగితం మీద గట్టిది. 1977లో ఎసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చి, దళితులకిచ్చిన డి-పట్టా భూముల్ని కొనకూడదంది. ఆ భూములు ఎలా చేతులు మారాయో కోనేరు రంగారావు కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. కౌలుదార్ల కోసం 2011లో ఒక చట్టం, దాని స్థానంలో 2019లో ఇంకో చట్టం వచ్చాయి. 2019 చట్టం ప్రకారం ఒప్పందం 11 నెలలు, దాని మీద భూ యజమాని సంతకం కావాలి. చెరకు తోట ఒక్కటే 11 నెలలు పడుతుంది. ఎర్రకుళ్ళు పడిన నేలకు పంట మార్పిడి అంటే రెండు మూడేళ్ళ ఆలోచన. 11 నెలల మనిషిని పట్టుకుని మూడేళ్ళ ఆలోచన చేయమంటే ఎలా? యజమాని సంతకం పెట్టకపోతే కార్డు లేదు, కార్డు లేకపోతే తెగులు వచ్చినా తుపాను వచ్చినా పరిహారం భూమి ఉన్నవాడి ఖాతాలోకే.

విత్తనాల చట్టం ఇంకా విచిత్రం. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లో వచ్చింది. ప్రపంచంలో రైతును కూడా విత్తన సృష్టికర్తగా గుర్తించిన చట్టమని పేరు. అందులో రైతు ఎవరో నిర్వచించారు. తానే భూమి సాగుచేసేవాడు రైతు. ఇంకొకరి చేత సాగుచేయించి స్వయంగా అజమాయిషీ చేసేవాడూ రైతే. సంప్రదాయ రకాల్ని కాపాడి మెరుగుపరిచేవాడూ రైతే. మరి ఆ రెండోవాడి కింద పనిచేసే 'ఇంకొకరు' ఎవరు? చట్టంలో వాడికి పేరు లేదు. గట్టుమీద గొడుగు పట్టుకుని నిలబడ్డవాడు రైతు, మడిలో వంగినవాడు 'ఇంకొకరు'. కల్లంలో మంచి వెన్ను ఏరి విత్తనానికి పక్కన పెట్టిన ఆడమనిషికి మూడో నిర్వచనం కింద హక్కు అడగొచ్చు కదా అని వాదించొచ్చు. అడగడానికి ఆమె దగ్గర ఏ కాగితముంది?

ఇదంతా ముందే చూసినవాడు అంబేడ్కర్. చిన్న కమతాల సమస్య మీద 1918లో రాసిన వ్యాసంలోనే ఆయన, కమతం పెద్దదా చిన్నదా అనేది ఎకరాలతో కొలిచేది కాదని, దాని మీద పెట్టే పెట్టుబడి, శ్రమలతో కొలవాలని వాదించాడు. 1947లో రాజ్యాంగ సభ కోసం తయారుచేసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో ఇంకా ముందుకు పోయాడు. వ్యవసాయం ప్రభుత్వ పరిశ్రమ కావాలి, భూమిని ప్రమాణమైన క్షేత్రాలుగా విడగొట్టి కులభేదం లేకుండా ఊరివాళ్ళకు ఇవ్వాలి, అది ఉమ్మడిగా సాగుచేయాలి, ఆసామీ కౌలుదారూ భూమిలేని కూలీ అనే తేడాలే ఉండకూడదు అన్నాడు. ప్రభుత్వ వ్యవసాయం మీద ఎవరికైనా అనుమానాలుండొచ్చు, నాకూ ఉన్నాయి. ఉమ్మడి క్షేత్రాల్లో కూడా పైనుంచి ఒకే రకం రుద్దితే తెగులు అలాగే వస్తుంది. కాని ఊరంతా ఒక్క నేలగా చూసి ఏం వేయాలో ఉమ్మడిగా నిర్ణయించే మనుషుల్లో ముచ్చె నరికేవాడు కూడా ఉండే ఏర్పాటును ఆయన తప్ప ఇంకెవరు కాగితం మీద పెట్టారు? తెగుళ్ళ యాజమాన్యం మీద ఇవాళ వచ్చే వ్యాసాల్లో 'రైతులు కలిసి నిర్ణయించుకోవాలి' అని ఒక వాక్యం ఉంటుంది. రైతులు అంటే ఎవరో ఆ వ్యాసాలు చెప్పవు.

భీమిలి దగ్గర ఆ నిర్ణయానికి నేలే తగ్గిపోతోంది. చిట్టివలస జనపనార మిల్లు 2009లో లాకౌటయింది. గత పదిపన్నెండేళ్ళలో తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ, భీమసింగి సహకార చక్కెర కర్మాగారాలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. చెరకు తగ్గి సరుగుడు పెరిగింది. 2020 జనవరిలో పేదల ఇళ్ళ స్థలాల పేరుతో విశాఖ చుట్టుపక్కల పది మండలాల్లో ఆరువేల ఎకరాలకు పైగా భూమిని సమీకరించడానికి ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ పదిలో భీమునిపట్నం, ఆనందపురం, పద్మనాభం ఉన్నాయి. తీసుకోదలచిన వాటిలో డి-పట్టా భూములున్నాయి, పట్టా లేకుండా ఏళ్ళ తరబడి దున్నుకుంటున్న భూములున్నాయి. జీడిమామిడీ సరుగుడూ రాకముందు చోడీ గంటే పండిన గరువులు అవే.